మండలం దాటని సంఘాలకు

రెండు తెలుగు రాష్ట్రాల్లోని మండల, నియోజకవర్గ, జిల్లా జర్నలిస్టు సంఘాల అధ్యక్ష కార్యదర్శులకు, వీడియో జర్నలిస్టుల, ఫొటో జర్నలిస్టుల, వెబ్ చానళ్ల విలేకరుల సంఘాల బాధ్యులకు:

మీలో చాలామందికి నేను తెలియను. డెస్కులో పనిచేసి రిటైరైన సబ్ఎడిటర్ని. రాత్రి పొద్దుపోయాక మీరు పంపిన వార్తలు దిద్ది, శీర్షికలు పెట్టి, జిల్లా పేజీల్లో సర్దినవాళ్లలో ఒకణ్ణి. ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ సంఘం పనుల్లోనూ తిరిగాను. మిమ్మల్ని అడగవలసింది ఒక్కటే కాబట్టి ముందే అడిగేస్తాను. మీ వచ్చే సర్వసభ్య సమావేశం ఎజెండాలో ఒక అంశం పెట్టండి: మన సంఘం, రాష్ట్ర సంఘం ద్వారా ఒక జాతీయ జర్నలిస్టు సమాఖ్యకు అనుబంధంగా చేరడం. చర్చించి తీర్మానం చేయండి. చేరాలన్నది నా అభిప్రాయం. ఎందుకో చెప్పడానికే ఈ లేఖ.

మీ సంఘాలు చేస్తున్న పని చిన్నది కాదు. అక్రిడిటేషన్ కార్డులు, బస్సు పాసులు, హెల్త్ కార్డులు, ఇళ్ల స్థలాలు, ప్రెస్ క్లబ్‌కు నాలుగు సెంట్ల స్థలం, వీటి కోసం కలెక్టరేటు చుట్టూ, ఎమ్మెల్యే ఇంటి చుట్టూ ఎన్నిసార్లు తిరిగారో మీకే తెలుసు. తోటి విలేకరి రోడ్డు ప్రమాదంలో పోతే తలా కొంత వేసుకుని ఆ కుటుంబానికి అందించింది మీరే. ఇసుక లారీల గురించి రాసినవాడి మీద దాడి జరిగితే స్టేషన్ ముందు కూర్చున్నదీ మీరే. ఆ పనులు ఏ ఢిల్లీ సంఘమూ చేయలేదు, చేయాలని ఆశించడమూ తగదు.

అయితే ఆ జాబితాను ఒకసారి నిదానంగా చూడండి. అందులో ఉన్నవి దాదాపు అన్నీ ప్రభుత్వం దయతలచి ఇచ్చేవి. మనకు పని ఇచ్చి, మన వార్తతో పత్రిక నింపుకుని, చానల్ నడుపుకునే సంస్థ ఇవ్వవలసినవి అందులో లేవు. జీతం లేదు, నియామక పత్రం లేదు, పని గంటలు లేవు, సెలవు లేదు. అవి లేకపోవడం మీ పట్టుదల తక్కువై కాదు. అవి తేలే చోటు కలెక్టరేటు కాదు. పార్లమెంటులో, కేంద్ర కార్మిక శాఖలో, సుప్రీంకోర్టులో తేలతాయి. అక్కడ మన తరఫున కూర్చున్నవారు ఎవరు, వారికి మన మండలం సంగతి ఏమి తెలుసు అన్నదే నా ఆందోళన.

పాత కథ కొంత చెప్పాలి, ఎందుకంటే దాన్ని మొదలుపెట్టినవారిలో మనవాడు ఉన్నాడు. 1950లో దేశంలోని రాష్ట్రాల జర్నలిస్టు సంఘాలు ఢిల్లీలో కలిసి ఇండియన్ ఫెడరేషన్ ఆఫ్ వర్కింగ్ జర్నలిస్ట్స్ స్థాపించుకున్నాయి. దానికి తొలి అధ్యక్షుడు మానికొండ చలపతిరావు, ఉత్తరాంధ్ర నుంచి వెళ్లి లక్నోలో నేషనల్ హెరాల్డ్ సంపాదకుడైన తెలుగువాడు. అప్పటికి జర్నలిస్టును కార్మికుడిగా గుర్తించే చట్టం దేశంలో లేదు. యజమాని ఉండమంటే ఉండాలి, పొమ్మంటే పోవాలి. బొంబాయి, కలకత్తా, మద్రాసుల్లో సంఘాలు ఉన్నాయి, వాటి బాధలు వాటివి. అవన్నీ ఒక గొడుగు కిందకు వచ్చాక జరిగినవాటి వరస చూడండి. 1952లో కేంద్రం జస్టిస్ జి.ఎస్. రాజాధ్యక్ష అధ్యక్షతన తొలి ప్రెస్ కమిషన్ వేసింది. జాకిర్ హుస్సేన్, ఆచార్య నరేంద్రదేవ్, సి.పి. రామస్వామి అయ్యర్ వంటి పెద్దల సరసన చలపతిరావు కూడా అందులో సభ్యుడు. కమిషన్ 1954లో నివేదిక ఇచ్చింది. 1955 డిసెంబరులో వర్కింగ్ జర్నలిస్టుల చట్టం వచ్చింది. ఐదేళ్లు పట్టింది.

ఆ చట్టం ఏమి ఇచ్చిందో మన కొత్త తరానికి తెలియకుండా పోతోంది. వరసగా నాలుగు వారాల్లో 144 గంటలకు మించి పని చేయించకూడదన్నది. తీసేయాలంటే సంపాదకుడికి 6 నెలలు, మిగతావారికి 3 నెలలు ముందుగా నోటీసు ఇవ్వాలన్నది. జీతాలు ఖరారు చేయడానికి వేజ్ బోర్డు అన్నది. తర్వాతి సవరణలతో ఆ బోర్డులో యజమానుల తరఫున ముగ్గురు, జర్నలిస్టుల తరఫున ముగ్గురు, స్వతంత్రులు నలుగురు కూర్చునేవారు. దేశంలోని వేలాది జర్నలిస్టుల జీతం గురించి మాట్లాడేది ఆ ముగ్గురే. ఆ ముగ్గురి పేర్లు జిల్లా సంఘాల నుంచి వెళ్లేవి కావు, జాతీయ సమాఖ్యల నుంచి వెళ్లేవి.

యజమానులు ఈ సంగతిని మనకన్నా ముందే గ్రహించారు. వారి ఇండియన్ న్యూస్‌పేపర్ సొసైటీ 1939లోనే పుట్టింది, మన ఫెడరేషన్ కంటే 11 ఏళ్లు ముందు. సర్క్యులేషన్ కోసం బజారున పోట్లాడుకునే పత్రికల యజమానులు న్యూస్‌ప్రింటు మీద సుంకం, ప్రభుత్వ ప్రకటనల రేటు, వేజ్ బోర్డు అనేసరికి ఒకే బల్ల చుట్టూ కూర్చుంటారు. టీవీ వార్తా చానళ్ల యజమానులకు అలాంటి సంఘం ఉంది. 2018లో డిజిటల్ వార్తా సంస్థలు కూడా తమదంటూ ఒకటి పెట్టుకున్నాయి. వారిని తప్పు పట్టడానికి ఇది చెప్పడం లేదు, సంఘం పెట్టుకోవడం వారి హక్కు. వారికి అవసరమైనది మనకు అవసరం లేదని మనం ఎలా అనుకున్నామన్నదే నాకు అర్థం కాదు.

ఇక మీ సంగతికి వస్తాను.

నేను డెస్కులో ఉన్న రోజుల్లో నెలాఖరున మండల కంట్రిబ్యూటర్లు లైన్ అకౌంట్లు తెచ్చేవారు. ఆ నెలంతా తన పేర అచ్చయిన వార్తలన్నీ కత్తిరించి, తెల్లకాగితాల మీద వరసగా అంటించి, ఒక్కోదాని పక్కన స్కేలు పెట్టి కొలిచి, పెన్నుతో సెంటీమీటర్లు వేసి, అడుగున మొత్తం కూడి సంతకం పెట్టేవారు. ఒకాయన తెచ్చిన కాగితాలు నాకు ఇప్పటికీ గుర్తు. గోదావరికి వరద వచ్చిన నెల. నాలుగు రోజులు పడవ మీద లంక గ్రామాలు తిరిగి వార్తలు పంపాడు. ఆ రోజుల్లో పేజీలో చోటు లేదు. ఆయన రాసిన పెద్ద పెద్ద కథనాలను నేనే తగ్గించి, నాలుగైదు చోట్ల నుంచి వచ్చినవాటితో కలిపి ఒకే వార్తగా చేశాను. పేజీ ధర్మం ప్రకారం అది సరైన పనే. ఆయన కాగితం మీద ఆ నాలుగు రోజుల కష్టం వేలెడు పొడవున ఉంది. పక్కన మార్కెట్ యార్డు సమావేశం వార్త దానికి రెండింతలు ఉంది. లంకల్లో తిరిగినందుకు పడవ ఖర్చు ఆ లెక్కలో ఎక్కడా లేదు. ఆయన ఏమీ అనలేదు. కాగితాలు ఇచ్చి, రసీదు తీసుకుని, ఆఖరి బస్సుకు వెళ్లిపోయాడు.

ఇప్పుడు కత్తిరింపులు పోయాయి, వాట్సాప్ వచ్చింది. కొన్నిచోట్ల లైన్ అకౌంటు కూడా పోయింది. దాని బదులు ఏమీ రాలేదు. ప్రకటనలు తెస్తే కమీషన్ ఉంటుందని, చందాదారులను చేర్పిస్తే కొంత ఇస్తామని చెప్పి ఐడీ కార్డు చేతికిస్తున్నారు. వార్త రాసే మనిషినే ప్రకటన అడగమని ఊళ్లోకి పంపితే, రేపు ఆ ప్రకటన ఇచ్చినవాడి మీద వార్త ఎలా రాస్తాడు? పత్రికా స్వేచ్ఛకు మన మండలాల్లో పడుతున్న మొదటి దెబ్బ ఇదేనని నేను గట్టిగా నమ్ముతాను. దీని గురించి సెమినార్లలో మాట్లాడేవారు తక్కువ.

ఆ కంట్రిబ్యూటరు చట్టం దృష్టిలో జర్నలిస్టేనా? 1981 సవరణతో 1955 చట్టంలోని వర్కింగ్ జర్నలిస్టు నిర్వచనంలో పూర్తికాలం పనిచేసినా, పార్ట్ టైమ్ పనిచేసినా జర్నలిస్టే అన్న మాట చేరింది. ప్రధాన వ్యాపకం జర్నలిజం అయి ఉండాలి, ఉద్యోగంలో ఉండాలి అన్నవి షరతులు. చిక్కంతా ఈ రెండో షరతులోనే. ఉద్యోగం ఇచ్చినట్టు కాగితం ఉండదు. ఐడీ కార్డు మీద కంట్రిబ్యూటర్ అని ఉంటుంది, కొన్నింటి వెనుక సంస్థకు సంబంధం లేదని చిన్న అక్షరాల్లో అచ్చయి ఉంటుంది.

2025 నవంబరు 21న నాలుగు కార్మిక కోడ్‌లు అమల్లోకి వచ్చాయి. 1955 నాటి మన చట్టం వాటిలో కలిసిపోయింది. వృత్తి భద్రత, ఆరోగ్యం, పని పరిస్థితుల కోడ్‌లో వర్కింగ్ జర్నలిస్టు నిర్వచనం ఉంది. అందులో ఎలక్ట్రానిక్ మీడియా, డిజిటల్ మీడియా సంస్థలు కూడా చేరాయి. టీవీ వాళ్లు, వెబ్ వాళ్లు ఎన్నో ఏళ్లుగా అడుగుతున్నది కాగితం మీదకు వచ్చింది. పార్ట్ టైమ్ మాట నిలిచింది. 144 గంటల పరిమితి నిలిచింది. ప్రతి ఉద్యోగికీ నియామక పత్రం ఇవ్వాలని అదే కోడ్ అంటోంది. ఇవి మంచి మాటలు, కాదనను. పాత చట్టంలోని వేజ్ బోర్డు మాత్రం కొత్త కోడ్‌లలో ఆ రూపంలో లేదు. ఇది పెద్ద నష్టం.

నిర్వచనం చివర ఉన్న పేర్ల జాబితా కూడా చదవండి. సంపాదకుడు, సంపాదకీయ రచయిత, న్యూస్ ఎడిటర్, సబ్ఎడిటర్, ఫీచర్ రచయిత, కాపీ టెస్టర్, రిపోర్టర్, కరస్పాండెంట్, కార్టూనిస్టు, న్యూస్ ఫొటోగ్రాఫర్, ప్రూఫ్ రీడర్. పదకొండు పేర్లు. 1955లో ఉన్నవే. ఇప్పుడు చాలా పత్రికల్లో ప్రూఫ్ రీడర్ అనే కుర్చీయే లేదు, పేరు మాత్రం చట్టంలో ఉంది. భుజాన కెమెరా మోసుకుని లాఠీచార్జి మధ్యలో నిలబడే వీడియో జర్నలిస్టు పేరు లేదు. యాంకరు, వీడియో ఎడిటర్, సోషల్ మీడియా డెస్కు, స్క్రోలింగ్ రాసేవాడు, వీరెవరి పేరూ లేదు. ఉదాహరణకు ఇచ్చిన పేర్లే తప్ప మిగతావారిని తోసేసినట్టు కాదని వకీళ్లు వాదించవచ్చు, ఆ వాదనలో బలముంది. కానీ పేరు ఉన్నవాడు హక్కు అడుగుతాడు, లేనివాడు ముందు తాను ఎవరో కోర్టులో రుజువు చేసుకోవాలి. ఎన్నేళ్లు పడుతుందో, ఎంత ఖర్చవుతుందో చెప్పనక్కరలేదు. వీడియో జర్నలిస్టుల సంఘాల మిత్రులకు నేను ప్రత్యేకంగా రాస్తున్నది ఇందుకే. మీ పేరు చట్టంలో చేరాలన్నా, ఆ జాబితాలో మీరూ ఉన్నట్టేనని కార్మిక శాఖ చేత చెప్పించాలన్నా, అడిగేవారికి దేశం మొత్తం మీద మీలాంటివారు వెనుక ఉన్నారని కనబడాలి. మీ జిల్లా సంఘం లెటర్‌హెడ్ మీద పంపిన వినతిపత్రానికి అంత బరువు ఉండదు.

కోర్టు మాట వచ్చింది కాబట్టి మజీఠియా సంగతి చెబుతాను. జస్టిస్ మజీఠియా వేజ్ బోర్డు సిఫార్సులను కేంద్రం 2011 నవంబరు 11న నోటిఫై చేసింది. యజమానులు సుప్రీంకోర్టుకు వెళ్లారు. 2014 ఫిబ్రవరి 7న సుప్రీంకోర్టు సిఫార్సులను సమర్థించింది, బకాయిలు ఏడాదిలోగా నాలుగు వాయిదాల్లో ఇవ్వాలన్నది. చాలామందికి పైసా రాలేదు. కారణం 20(జె) అనే చిన్న క్లాజు. ఉద్యోగి కావాలనుకుంటే పాత జీతంతోనే ఉండవచ్చన్నది దాని సారం. దేశంలో ఎన్నో ఆఫీసుల్లో సిబ్బందిని ఒక్కొక్కరినీ పిలిచి, నాకు ఇప్పుడున్న జీతం చాలు అని రాసి ఉన్న కాగితం మీద సంతకాలు పెట్టించుకున్నారు. సంతకం పెట్టకపోతే ఏమవుతుందో అందరికీ తెలుసు. కోర్టు ధిక్కారం పిటిషన్లు పడ్డాయి. 2017 జూన్ 19న తీర్పు వచ్చింది: వేజ్ బోర్డు ఇచ్చినదానికన్నా తక్కువకు ఒప్పుకున్నట్టు సంతకం పెట్టినంత మాత్రాన హక్కు పోదు, కాంట్రాక్టు ఉద్యోగులకూ వేజ్ బోర్డు వర్తిస్తుంది, అయితే యజమానులది ధిక్కారం కాదు, రావలసింది రాబట్టుకోవడానికి చట్టంలోని 17వ సెక్షన్ కింద వెళ్లండి అని.

ఆ తీర్పును అందుకోగలిగింది ఎవరు? తీర్పులో ఏముందో చెప్పి, ఫారం నింపి, జీతం లెక్క కట్టి, లేబర్ కమిషనర్ దగ్గరికి తీసుకెళ్లే సంఘం వెనుక ఉన్నవారు. లెక్క కట్టడమే పెద్ద చదువు. పత్రిక ఏ తరగతిలోకి వస్తుంది, స్థూల ఆదాయం ఎంత, మూల వేతనం ఎంత, వేరియబుల్ పే ఎంత, ఇవన్నీ తేలితే తప్ప బకాయి అంకె రాదు. ఒక రాష్ట్రంలో ఒక సంఘం ఆ లెక్క నేర్చుకుంటే అనుబంధ సంఘాలన్నిటికీ అది అందుతుంది. మధ్యప్రదేశ్‌లోనో మహారాష్ట్రలోనో లేబర్ కోర్టు ఒక మంచి ఉత్తర్వు ఇస్తే, ఆ కాపీ మన కేసులో పనికొస్తుంది. ఒంటరి సంఘానికి ఆ కాపీ ఉందన్న సంగతే తెలియదు. జాతీయ సమాఖ్య వల్ల లాభమేమిటని అడిగేవారికి నేను మొట్టమొదట చెప్పేది ఇదే. ఊరేగింపులు, మహాసభలు తర్వాత. ముందు ఆ కాగితం మన చేతికి రావాలి.

ప్రెస్ కౌన్సిల్ మాట కొంచెమే చెబుతాను. 1978 చట్టం ప్రకారం అధ్యక్షుడు కాక 28 మంది సభ్యులు. అందులో 13 మంది పత్రికల్లో పనిచేసేవారు, ఆరుగురు సంపాదకులు, ఏడుగురు ఇతర జర్నలిస్టులు. వారిలో కనీసం ముగ్గురు సంపాదకులు, నలుగురు జర్నలిస్టులు భారతీయ భాషా పత్రికలవారై ఉండాలని చట్టమే అంటోంది. ఆ పేర్లు కౌన్సిల్ గుర్తించిన సంఘాలు పంపిన జాబితాల నుంచి వస్తాయి. తెలుగు పత్రికలో పనిచేసే మనిషి అక్కడ కూర్చోవడానికి చట్టం తలుపు తెరిచే ఉంచింది. 2019 అక్టోబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం జీవో 2430 ఇచ్చి, తప్పుడు వార్తలని అనిపిస్తే కేసు పెట్టే అధికారం శాఖల కార్యదర్శులకు అప్పగించినప్పుడు, ప్రెస్ కౌన్సిల్ తనంతట తానే దాన్ని విచారణకు తీసుకుంది. కౌన్సిల్‌కు శిక్షించే కోరలు లేవు, టీవీ, వెబ్ దాని పరిధిలో లేవు. ఆ లోపాలు నాకూ తెలుసు. అయినా ప్రభుత్వాన్ని పిలిచి వివరణ అడిగే వేదిక అది. అక్కడ మన భాష తెలిసినవారు ఉండడం, లేకపోవడం ఒకటే అని నేను ఒప్పుకోలేను.

ఒక రాష్ట్రపు కష్టాన్ని దేశమంతా తన కష్టంగా తీసుకున్న సందర్భం చూసినవారు ఇంకా మన మధ్య ఉన్నారు. 1982లో బీహార్‌లో జగన్నాథ్ మిశ్రా ప్రభుత్వం పత్రికల నోరు కట్టే బిల్లు తెచ్చింది. ఆ బిల్లు వర్తించేది బీహార్‌కే. హైదరాబాదులో పనిచేసేవాడికి దానితో ఏం పని? కానీ దేశం నలుమూలలా జర్నలిస్టులు సమ్మె చేశారు, వీధుల్లోకి వచ్చారు. మరుసటి ఏడాది బిల్లును వెనక్కి తీసుకున్నారు. 1988లో రాజీవ్ గాంధీ ప్రభుత్వం పరువునష్టం బిల్లును లోక్‌సభలో నెగ్గించుకుంది. అప్పుడు ఆ సభలో ఆయనకు ఎంత బలం ఉందో గుర్తు తెచ్చుకోండి. సంపాదకుల నుంచి ప్రెస్ కార్మికుల దాకా ఒక్కటై నిలబడితే, కొద్ది వారాల్లోనే ఆ బిల్లు పక్కకు పోయింది. ఫోన్లు కూడా సరిగా పలకని రోజులవి. పిలుపు ఢిల్లీ నుంచి రాష్ట్రానికి, రాష్ట్రం నుంచి జిల్లాకు, జిల్లా నుంచి ఆఫీసుకు చేరడానికి మెట్లు ముందే కట్టి ఉన్నాయి కాబట్టి అది సాధ్యమైంది. మన రాష్ట్రంలో 1957లో పుట్టిన వర్కింగ్ జర్నలిస్టుల సంఘం ఏపీయూడబ్ల్యూజే ఆ మెట్లలో ఒకటి.

మీ అభ్యంతరాలు నాకు తెలుసు. సమావేశాల్లో విన్నవే, న్యాయమైనవి కూడా వాటిలో ఉన్నాయి.

జాతీయ సంఘాలే చీలిపోయి ఉన్నాయి కదా అంటారు. నిజం. 1972లో నేషనల్ యూనియన్ ఆఫ్ జర్నలిస్ట్స్ వేరుగా వచ్చింది. తర్వాత పాత ఫెడరేషన్ చీలి ఇండియన్ జర్నలిస్ట్స్ యూనియన్ వచ్చింది. ఒకే పేరుతో రెండు కమిటీలు తిరగడం కూడా చూశాం. తెలంగాణ ఏర్పడ్డాక మన రెండు రాష్ట్రాల్లోనూ కొత్త చీలికలు వచ్చాయి. ఇది మనకు సిగ్గుచేటైన సంగతి, దాచను. ఆ చీలికలకు కారణం చాలాసార్లు సిద్ధాంతం కూడా కాదు, పదవులు. అయితే పైన ఉన్నవారు చీలారు కాబట్టి మనం ఎక్కడా చేరం అంటే, ఆ పదవులను వారికే వదిలేసినట్టు అవుతుంది. అనుబంధ సంఘాలకు ఓటు ఉంటుంది. ఎన్నికలు పెట్టమని, లెక్కలు చూపమని, ఒక మనిషి ఎన్నిసార్లు పదవిలో ఉండవచ్చో నియమం రాయమని లోపల నుంచి అడిగేవారు లేకే ఆ సంస్థలు కొన్నిచోట్ల పాడయ్యాయి. ఫలానా సమాఖ్యలోనే చేరండని నేను చెప్పను. చేరేముందు అడగవలసిన ప్రశ్నలు మాత్రం చెబుతాను. నియమావళి ప్రకారం ఎన్నికలు ఆఖరుసారి ఎప్పుడు జరిగాయి? ఆడిట్ చేసిన లెక్కలు సభ్యులకు పంపుతారా? కంట్రిబ్యూటర్లకు, వెబ్ వారికి పూర్తి సభ్యత్వం, ఓటు ఉన్నాయా, లేక చందా మాత్రమే కట్టించుకుంటారా? ఈ మూడో ప్రశ్నకు జవాబు నీళ్లు నములుతూ చెబితే అక్కడ చేరవద్దు.

చందా భారం అంటారు. అది ఏ పెద్ద మొత్తం కాదు. మీ సంఘం ఏటా డైరీలు, క్యాలెండర్లు అచ్చు వేయించి మంత్రిగారి చేత ఆవిష్కరింపజేయడానికి పెట్టే ఖర్చుతో పోల్చి చూసి మీరే నిర్ణయించండి.

మా సంఘం ఉనికి పోతుంది అంటారు. మీ పేరు, మీ రిజిస్ట్రేషన్, మీ కమిటీ, మీ బ్యాంకు ఖాతా మీవే. మీ ప్రెస్ క్లబ్ తాళాలు ఎవరూ అడగరు. ఉమ్మడిగా తేలవలసిన అంశాల్లో ఉమ్మడిగా మాట్లాడతారు, అంతవరకే. అదీగాక ఒంటరిగా ఉండడం ఇకమీదట చట్టపరంగానూ నష్టమే. పారిశ్రామిక సంబంధాల కోడ్ ప్రకారం ఒక సంస్థలో పలు సంఘాలుంటే, 51 శాతం మంది సిబ్బంది ఏ సంఘం వెనుక ఉంటే యాజమాన్యంతో చర్చించేది అదే. ఎవరికీ అంత బలం లేకపోతే, కనీసం 20 శాతం ఉన్న సంఘాలతో చర్చల మండలి వేస్తారు. ఒక పత్రికకు రెండు రాష్ట్రాల్లో ఎడిషన్లు, డెస్కులు, వందల మంది సిబ్బంది. మీ నియోజకవర్గంలో ఆ పత్రికకు పనిచేసేవారు ఇద్దరు ముగ్గురు. 20 శాతం ఎక్కడి నుంచి తెస్తారు? ఎడిషన్లన్నిటిలో సభ్యులున్న సంఘంలో మీ ఇద్దరు ముగ్గురూ కలిస్తేనే లెక్కలోకి వస్తారు.

ఢిల్లీ వారికి మా మండలం కష్టాలు ఏం తెలుస్తాయి అన్న మాట నన్ను అన్నిటికన్నా ఎక్కువ కదిలిస్తుంది. అది నిజమే. హిందీ, ఇంగ్లీషు పెద్ద పత్రికల్లో నెల జీతం తీసుకునేవారి సమస్యలే జాతీయ సమాఖ్యల తీర్మానాల్లో నిండి ఉంటాయి. జిల్లా పేజీలు, మండల విలేకరుల వ్యవస్థ తెలుగు పత్రికల్లో పాకినంతగా చాలా భాషల్లో పాకలేదు. ఊరికొక విలేకరి ఉన్న చోటు మనది. ఆ మనిషికి జీతం లేకుండా ఆ పేజీలు ఎలా నిండుతున్నాయో దేశానికి చెప్పవలసినవారు మీరే. చెప్పడానికి మీరు ఆ సభలో ఉండాలి కదా. మీరు చేరితే సమాఖ్య మీకు ఏమిస్తుందో ఇంతసేపూ చెప్పాను. మీరు సమాఖ్యకు ఇచ్చేది అంతకన్నా విలువైనది: లైన్ అకౌంటు లెక్కలు, సంబంధం లేదని రాసిన ఐడీ కార్డుల నకళ్లు, దాడి జరిగినా ఎఫ్ఐఆర్ కట్టని కేసుల వివరాలు. ఇవి ఏ ఢిల్లీ ఆఫీసులోనూ లేవు.

మహిళా విలేకరుల సంగతి ఒక్క మాట. మీ కమిటీల్లో వారు ఎందరున్నారో చూడండి. పనిచోట లైంగిక వేధింపుల నిరోధక చట్టం 2013లో వచ్చింది. పది మందికన్నా తక్కువ ఉన్న చోట్ల పనిచేసే మహిళల ఫిర్యాదుల కోసం ప్రతి జిల్లాలో స్థానిక కమిటీ ఉండాలని అది చెబుతోంది. ఇలాంటి సమాచారం కింది దాకా అందించడం కూడా పెద్ద సంఘం చేయగల పనే. ఇంతవరకు సరిగా చేయలేదు. అడగండి.

కోడ్‌ల కింద నియమాలు కేంద్రమూ రాస్తుంది, రాష్ట్రాలూ రాస్తాయి. నియామక పత్రం ఎవరికి, కంట్రిబ్యూటరు ఉద్యోగి అవుతాడా కాదా, కెమెరా పట్టినవాడిని ఏ పేరుతో పిలవాలి, ఇవి ఆ నియమాల్లోనూ, వాటి మీద వచ్చే తొలి కేసుల్లోనూ తేలతాయి. మొదట ఎలా తేలితే చాలాకాలం అలాగే ఉంటుంది. 1955లో రాసిన పదకొండు పేర్లు ఇప్పటికీ కదలలేదు, చూశారుగా. అందుకే ఈ ఏడు మీ సమావేశాన్ని వాయిదా వేయవద్దని కోరుతున్నాను.

తీర్మానం చేశాక మినిట్స్ పుస్తకంలో రాసి, కోరం వివరాలతో, సభ్యుల సంతకాలతో ఒక ప్రతిని రాష్ట్ర సంఘానికి పంపండి. దానితోపాటు ఒక పట్టిక జత చేయండి. మీ సభ్యుల్లో నియామక పత్రం ఉన్నవారెవరు, లేనివారెవరు, ఎన్నేళ్లుగా రాస్తున్నారు, పోయిన నెల సంస్థ నుంచి చేతికి ఎంత వచ్చింది. పేర్లు బయటపెట్టడానికి భయపడేవారుంటే పేర్ల బదులు అంకెలు వేయండి. కార్మిక శాఖ ముందు మన తరఫున నిలబడేవారిని మొదట అడిగేది ఆ పట్టికే. ఇప్పటికి అది ఎవరి దగ్గరా లేదు.

ఇట్లు
జిల్లా డెస్కులో పనిచేసిన ఒక సబ్ఎడిటర్